బండలో నీళ్ల బాట

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవారు నా తరువాత ఇద్దరున్నారు. కనుక నేను త్వరగా ముగించాలి. నాకిచ్చిన విషయం నీళ్లు. దీనికి కారణం మన సభ్యులే. పోయిన వేసవిలో కొందరు గంగోత్రి యాత్రకు పోయి వచ్చారు. గోముఖం దాకా నడవలేక గుడి దగ్గరే ఆగినా, ఆ నది మంచుగడ్డ లోపలి నుంచి బయటికి వస్తుందని అక్కడివాళ్లు చెప్పగా విన్నారు. వచ్చాక నన్ను అడిగారు: "అంత గట్టి మంచులో నీళ్లు ఎట్లా నడుస్తాయండీ?" నేనన్నాను: "మన కట్టంగూర్ బండలో ఎట్లా నడుస్తున్నాయి?" ఆ మాట మీద కార్యదర్శిగారు నా పేరు రాసేసుకున్నారు.

నేను సైంటిస్టును కాను, గుమాస్తాను. అయితే మంచినీటి బోర్ల ఫైళ్లు నడిపే సీట్లో చాలా ఏండ్లు కూర్చున్నాను. బోరు వేసిన ప్రతిచోటి నుంచి ఒక కాగితం వచ్చేది. ఎన్ని అడుగుల దాకా ఎర్రమట్టి, ఎన్ని అడుగుల దాకా మొరం, ఎక్కడ పగుళ్ల బండ, ఎక్కడినుంచి గట్టి బండ, నీళ్లు ఏ అడుగులో పడ్డాయి, గంటకు ఎన్ని లీటర్లు. అవి టైపు కొట్టీ కొట్టీ, చూడకుండానే తరువాతి వరుస చెప్పేంత అలవాటయింది. ఊళ్లు మారినా వరుస మారేది కాదు: పైన మట్టి, దాని కింద మొరం, దాని కింద చీలిన బండ, ఆ కింద చీలని బండ. నీళ్లు పడితే మూడో వరుసలోనే ఎక్కువగా పడేవి. నాలుగో వరుసలో చాలాసార్లు ఒకే మాట ఉండేది: "డ్రై".

మన బండ పుట్టి సుమారు 250 కోట్ల సంవత్సరాలయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అంత పాత రాయి. దాని ముక్క ఒకటి చేతిలోకి తీసుకొని నీళ్లలో నానబెడితే ఏమీ పీల్చదు. ఇసుకరాయిలా ఇందులో సందులుండవు. కాబట్టి మన కాళ్ల కింద చెరువులు లేవు, ఏర్లు లేవు. "భూమిలో గంగమ్మ పారుతున్నది" అని బోరు బండివాళ్లు చెప్పేది వాళ్ల మీటరు కోసం చెప్పే మాట.

మరి నీళ్లు ఎక్కడుంటాయి? ఇది చూడటానికి మా నాయన మోట బావిని మించిన పుస్తకం నాకు దొరకలేదు. ముప్పై అయిదు అడుగుల బావి. బోరు లోపల ఏమున్నదో కంటికి కనబడదు. బావి గోడ మాత్రం తెరిచి పెట్టిన రిజిస్టరే. మెట్లు దిగుతూ పోతే ముందు చెల్క మట్టి, తరువాత చేత్తో గీరితే రాలే మొరం, ఆ కింద అడ్డంగా పొరలు పొరలుగా చీలిన బండ, అడుగున తూటాలు పేల్చి తీసిన గట్టి రాయి. ఊట అడుగు నుంచి వచ్చేది కాదు. ఈశాన్యం మూలన, చీలిన బండలో వేలు పట్టేంత పగులు ఒకటి ఉండేది. కార్తీకంలో అందులోంచి నీళ్లు బుడబుడ వచ్చేవి. ఎండాకాలంలో చెయ్యి పెడితే తడి తగిలేది, అంతే. పొద్దున్నుంచి మోట కొట్టి బావి లాగేస్తే, ఎడ్లను విడిచి రాత్రంతా ఆగాలి. తెల్లారేసరికి బావి మళ్లీ అంత నిండేది. ఆ పగులు ఎంత ఇస్తే అంతే మనది.

ఈ అడ్డపగుళ్లు ఎట్లా వచ్చాయో చాలా ఏండ్ల తరువాత తెలిసింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అంటే మన ఎన్.జి.ఆర్.ఐ., ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి 1999లో భూగర్భజలాల కేంద్రం ఒకటి పెట్టింది. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల నేలను తీసుకొని ఏండ్ల తరబడి బండను పరీక్షించారు. మన హైవే మీదనే, చౌటుప్పల్‌లోనూ వారికి పరిశోధన బోర్లున్నాయి. బస్సులో పోతూ ఎన్నిసార్లు దాటామో, లోపల ఏం జరుగుతుందో మనకు తెలియదు. వారు తేల్చినదేమంటే, గ్రానైటులో నల్ల అభ్రకం రేకులుంటాయి. వాననీళ్లు తగిలీ తగిలీ లక్షల సంవత్సరాల్లో ఆ అభ్రకం ఉబ్బింది. ఉబ్బి, పక్కనున్న రాయిని ఒత్తి, అడ్డంగా చీల్చింది. పైన బాగా కుళ్లినది మొరం అయింది. దాని కింద సగం చెడినది పగుళ్ల బండ అయింది. ఇంకా లోతుకు ఆ ఉబ్బు చేరలేదు. అందుకే నీళ్లు నడిచే పగుళ్లు ఎక్కువ భాగం సుమారు 35, 40 మీటర్ల లోపలే ఉంటాయి. మన లెక్కలో 130 అడుగులు. ఆ కింద ఎక్కడో ఒక నిట్టనిలువు చీలిక దొరకవచ్చు, దొరికినవాళ్లూ ఉన్నారు. అది లాటరీ.

మన భాషలో చెప్పాలంటే మొరం ట్రెజరీ, పగుళ్లు బ్యాంకు కౌంటరు. నిల్వ మొరంలో, చెల్లింపు పగుళ్లలో. పది కౌంటర్లు తెరిచినంత మాత్రాన ట్రెజరీలో డబ్బు పెరుగుతుందా? మహేశ్వరంలో ఆ 53 చదరపు కిలోమీటర్లలోనే వ్యవసాయ బోర్లు ఏడు వందలకు పైగా లెక్కకొచ్చాయి. నీటిమట్టం మొరం విడిచిపెట్టి, పగుళ్ల బండలోకి దిగిపోయింది. అంటే ట్రెజరీ ఖాళీ, కౌంటరులో ఉన్న చిల్లరతో గడుపుతున్నారన్న మాట.

ఇప్పుడు మంచు సంగతి చెప్తాను, గంగోత్రి పోయినవారు ఎదురుచూస్తున్నారు. గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. పేరుకు నది, చూస్తే కదలని మంచు. కాని కదులుతూనే ఉంటుంది, కదిలేటప్పుడు పగుళ్లిస్తుంది. ఎండకు పైన కరిగిన నీళ్లు సన్నటి కాలువలై పారి, ఒకచోట పగులులో పడిపోతాయి. అక్కడ గిరగిర తిరుగుతూ బావిలాంటి గొయ్యి తొలుచుకుంటాయి. ఆ గోతికి ఫ్రెంచివాళ్లు "మర" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడినుంచి మంచు లోపలి సొరంగాల గుండా, మంచు అడుగుకూ నేలకూ మధ్యగా నడిచి, చివర మంచు నోటి దగ్గర బయటపడతాయి. భాగీరథికి ఆ నోరే గోముఖం. పైన రంగునీళ్లు పోసి, కింద ఎన్ని గంటలకు రంగు తేలుతుందో చూసి దారి ఎంత సాఫీగా ఉందో కనిపెడతారు.

ఇందులో నాకు నచ్చినది ఒకటుంది. హాన్స్ రోత్‌లిస్‌బెర్గర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు 1972లో దాన్ని లెక్కలతో వివరించాడు. పారే నీటి రాపిడికి కొంచెం వేడి పుడుతుంది. ఆ వేడికే సొరంగం గోడలు కరిగి దారి వెడల్పవుతుంది. నీళ్లు ఎక్కువైతే దారి తనంత తానే పెద్దదవుతుంది. చలికాలం నీళ్లు తగ్గితే పైనున్న మంచు బరువుకు దారి మెల్లగా మూసుకుపోతుంది. మళ్లీ వేసవికి మళ్లీ తొలుచుకోవాలి. అంటే మంచులో నీళ్లకు ఏటేటా కొత్త బాట వేసుకునే శక్తి ఉన్నది.

మన బండలో ఆ వెసులుబాటు లేదు. లక్షల ఏండ్ల కింద అభ్రకం ఎంత చీల్చిందో అంతే. ఎంత వాన పడినా పగులు వెంట్రుకంత కూడా వెడల్పు కాదు. మనం ఎంత గట్టి మోటారు పెట్టినా అది ఇచ్చే వేగం పెరగదు. మంచువాళ్లకు గంటల లెక్క, మనకు నెలల లెక్క.

నిల్వ ఎంతో చూద్దాం. పగుళ్ల బండ ఘనమీటరు ఒకటి పూర్తిగా వడగడితే పది, పదిహేను లీటర్ల నీళ్లు వస్తాయి. ఒకటిన్నర కడవ అనుకోండి. మన దగ్గర ఏడాది వాన 700, 750 మిల్లీమీటర్లు. అందులో బండలోకి దిగేది పదో వంతు అనుకుంటే 75 మిల్లీమీటర్లు. తక్కినది ఆవిరి, వాగు, చెట్టు, చేను. ఎకరానికి 75 మిల్లీమీటర్లంటే మూడు లక్షల లీటర్లు. వరి ఎకరానికి పంటకాలమంతా కలిపి 1200 మిల్లీమీటర్లు పెడితే 48 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరం వరికి పదహారు ఎకరాల వాన కావాలి. మడిలోంచి కొంత మళ్లీ కిందికి దిగుతుంది గదా అంటారు. నిజమే, సగం దిగిందనుకుందాం. అప్పటికీ ఎనిమిదెకరాలు. మీ చుట్టూ ఎనిమిదెకరాలు బీడుగా ఉంటే మీ ఎకరం వరి భద్రం. ఉన్నదా? 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలూ. రైతుకు మేలు జరగలేదని నేననను, రాత్రుళ్లు పాములకు భయపడుతూ మోటారు వెయ్యటానికి పోయిన రోజులు నాకు తెలుసు. కాని తెల్లారేదాకా బావికి విశ్రాంతి ఇచ్చిన ఎడ్లు పోయి, ఆగని ఆటోమేటిక్ స్టార్టర్లు వచ్చాయి.

పగుళ్లు ఒకదానికొకటి కలిసి ఉంటాయన్నదానికి ఒక దృష్టాంతం. మా ఊరి పక్కన అన్నదమ్ములిద్దరికి గట్టు ఒకటే. తమ్ముడు కొత్త బోరు వేయిస్తుంటే, ఆ కంప్రెసరు గాలికి అవతల అన్న పాత బోరులోంచి నురగ, బురద నీళ్లు పైకి తన్నాయి. చూడటానికి ఊరంతా వచ్చింది. నెల తిరక్కుండా అన్న బోరు ఎండింది. వాళ్లిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. తమ్ముడు దొంగతనం చేశాడా? లేదు, తన భూమిలోనే వేసుకున్నాడు. బండకు సర్వే నంబర్లు తెలియవు. ఇందుకే 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చి బోరుకు అనుమతి, బోరుకు బోరుకు మధ్య దూరం అని రాశారు. దాని ఫారాలు నేను చాలా నింపాను. బోరు వేసిన తరువాత అనుమతికి వచ్చినవారే ఎక్కువ.

ఇంకో సంగతి మన పెన్షనర్లది. మా ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయిన ఒకాయనకు మూడెకరాల చెల్క ఉండేది. గ్రాట్యుటీ డబ్బు రాగానే బోరు వేశాడు. 280 అడుగులు, దుమ్ము. కొబ్బరికాయ పట్టుకొని నడిచే మనిషిని పిలిచి రెండోది వేశాడు. 350 అడుగులు, పొద్దుననగా మొదలుపెడితే సాయంత్రానికి ఇంటి కప్పులన్నీ తెల్లటి దుమ్ము. మూడోది ఇంచు నీళ్లు పోసి, ఫాల్గుణానికి ఆగింది. నాలుగోదానికి కమ్యూటేషన్ సొమ్ము పోయింది. నా దగ్గరికి వచ్చి, "సారూ, అయిదోది అయిదు వందల అడుగులు పోదామా?" అని అడిగాడు. నేను ఆయన నాలుగు బోర్ల లెక్క కాగితం మీద రాయించాను. తడి తగిలింది అన్నింట్లోనూ 60కీ 120కీ మధ్యనే. 120 కింద ఒక్క చుక్క లేదు. కేసింగ్ దిగిన చోటు, తడి తగిలిన చోటు చూపించి, కింద రాయి తప్ప ఇంకేం లేదని చెప్పాను. అయిదోది ఆగిపోయింది. ఆ డబ్బుతో ఆయన భార్య కంటి ఆపరేషన్ అయింది.

కొబ్బరికాయ మాటకొస్తే, నాకు దాని మీద నమ్మకం లేదు. ఊరికే కొట్టిపారెయ్యటం మాత్రం సరికాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో దగార్గళమని ఒక అధ్యాయమే రాశాడు. నేల కింది నీటి దారులను సిరలన్నాడు. పుట్టలు, ఫలానా చెట్లు ఉన్నచోట నీళ్లు ఎన్ని పురుషుల లోతులో పడతాయో చెప్పాడు. పుట్ట ఉన్నచోట మట్టి లోతుగా ఉంటుంది, చెమ్మ ఉంటుంది. చూసి చెప్పిన మాట అది. కొబ్బరికాయ నిలబడటం వేరు. దీనికన్నా పనికొచ్చే గుర్తు మన చేలల్లోనే ఉంది. చెల్కలో అక్కడక్కడ నల్ల బండ గుండ్లు గీత గీసినట్టు వరుసగా పోతుంటాయి, చూశారా? అది గ్రానైటును చీల్చుకొని పైకి వచ్చిన వేరే రాయి, డోలరైటు. చాలాచోట్ల అది భూమిలో కట్టిన గోడలాగ నీటిని ఆపుతుంది. పైవాలున ఉన్న బావికి నీళ్లుంటాయి, కిందివాలున ఉన్న బావి ఎండుతుంది. రెండింటికీ మధ్య యాభై గజాలే.

ఇక ఫ్లోరైడు. ఇది చెప్పకుండా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడటం కుదరదు. బండను చీల్చి నీళ్లకు దారి ఇచ్చిన ఆ నల్ల అభ్రకంలోనే ఫ్లోరైడు ఉంటుంది. దారి ఇచ్చిందీ అదే, విషం కలిపిందీ అదే. నీళ్లు పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. నీళ్లలో సున్నం తక్కువైతే మరీ. తోడిన నీళ్లు పొలంలో ఆవిరై, మిగిలినవి మళ్లీ దిగి, మళ్లీ తోడితే ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా హద్దు. దాటితే పిల్లల పళ్లు గారపట్టటంతో మొదలై ఎముకల దాకా పోతుంది. నడుము వంగిన నలభై ఏండ్లవాళ్లను మర్రిగూడ వైపు పోయినవారు చూసే ఉంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూరు నీరి సంస్థవారు తయారుచేశారు. దానికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. జబ్బుతో మన పేరు పుస్తకాల కెక్కింది, మందుతోనూ ఎక్కింది.

1996 పార్లమెంటు ఎన్నికలు మీకు గుర్తుండే ఉంటాయి. నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించటానికి జలసాధన సమితి పిలుపు మీద జనం నామినేషన్లు వేస్తే నల్లగొండ సీటుకు 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమయింది. పోలింగు వాయిదా పడింది. ఆ ఎన్నికల డ్యూటీ చేసినవారు ఈ హాల్లోనే ఉన్నారు, మడతపెట్టి పెట్టెలో వేయించటానికి ఎంత అవస్థపడ్డారో వారినడగండి. ఆ తరువాతనే ప్రభుత్వాలకు నల్లగొండ నీళ్లు కనబడ్డాయని నా అభిప్రాయం. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు. ఊరూరికీ పైపుల్లో నదినీళ్లు వచ్చాయి. తాగటానికి అవే వాడండి. "బోరు నీళ్లకు రుచి ఉంది, పప్పు బాగా ఉడుకుతుంది" అనే మాట మా ఇంట్లోనూ వింటున్నాను. పరీక్ష చేయించనిదే ఆ బోరు నీళ్లు మనుమలకు పొయ్యకండి.

బండ లోపలి నీళ్లకు కోపం వస్తే ఎట్లా ఉంటుందో మొన్నమొన్ననే చూశాం. శ్రీశైలం నీళ్లు ఎత్తిపోయకుండా నల్లగొండకు తేవటానికి కొండల కింద 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు, లోపల 14 కిలోమీటర్ల దూరాన, రాతి నలిగిన చోటు నుంచి నీళ్లూ బురదా ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూకాశ్మీర్, పంజాబు నుంచి బతుకుతెరువుకు వచ్చినవారు. రెండు నెలలు వెతికిన తరువాత ఇద్దరి భౌతికకాయాలను మాత్రమే బయటికి తేగలిగారు. ఆ కొండరాయి మన గ్రానైటు కాదు, వేరే జాతి. అయినా లోపల నీళ్లు ఎక్కడ పొంచి ఉన్నాయో బయటి నుంచి చెప్పటం ఎంత కష్టమో చూడండి. మనకు రావలసిన నీళ్ల కోసం పోయిన ప్రాణాలవి. వారికి ఈ సభ ఒక నిమిషం మౌనం పాటించాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను. నా మాట ముగిశాక పాటిద్దాం.

ఏం చెయ్యాలని అడుగుతారు. కొత్త బోరుకు ముందు పాత బోరు వైపు చూడండి. ఎండిన బోరు పక్కన గుంట తీసి, గులకరాయి, ఇసుక నింపి, వాననీళ్లు వడగట్టి దించవచ్చు. మురుగునీళ్లు, ఎరువు నీళ్లు మాత్రం అందులోకి పోనివ్వవద్దు, పగుళ్లకు వడపోత తెలియదు. చెరువు పూడిక తీసినచోట కింది బావులు లేస్తాయి. కందూరు చోళులు పానగల్లు ఉదయసముద్రం కట్టి తొమ్మిది వందల ఏండ్లు కావస్తున్నది, ఇప్పుడు అందులోకి కృష్ణ నీళ్లే వస్తున్నాయి. మంచి వాన పడిన ఏడు 75 మిల్లీమీటర్లు దిగితే చాలు, మన బావుల్లో మట్టం అయిదు మీటర్లు లేస్తుంది. సందులు తక్కువ గనుక కొంచెం నీటికే అంత ఎత్తు. అంత తొందరగానూ పడిపోతుంది. లేచిన ఏడు మురిసిపోయి వరి పెంచితే తరువాతి ఏడు తెలుస్తుంది.

చివరికి ఒక పని. ఎవరి బోరు వివరాలు వారికే తెలుసు, ఒకచోట లేవు. కాగితాల మీద కాలమ్‌లు గీసి కార్యదర్శిగారికి ఇచ్చాను. బోరు వేసిన సంవత్సరం, మొత్తం లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు, నీళ్లు ఏ అడుగులో తగిలాయి, మొదట ఎన్ని ఇంచులు, ఇప్పుడెన్ని. మీ పొలమే కాదు, మీ అన్నదమ్ములవి, పాలివారివి కూడా రాయించి వచ్చే నెల మీటింగుకు తెండి. గ్రామ నక్షా మీద నేను గుర్తులు పెడతాను, ఏ పగులు ఎటు పోతున్నదో కొంతైనా తేలుతుంది. ఎండిపోయినవి సిగ్గుపడి వదిలెయ్యకండి. వాటికి వేరే కాలమ్ పెట్టాను.